గాలికి ఎదురు

ఐదో నంబరు బొమ్మకు చుట్టిన ప్లాస్టిక్ కవరు విప్పే సమయానికి రాచమ్మ దాని దిమ్మె చుట్టూ నూరువరహాల మొక్కలు నాటుతోంది. గురువారం, పొద్దున పదకొండు. ఆషాఢం వచ్చి వారమైనా చినుకు జాడ లేదు. పడమటి గాలి మాత్రం బీదర్ ఎర్ర దుమ్మునంతా ఎత్తుకొచ్చి గార్డెన్‌లో పోస్తోంది. ఈ గాలి కోసమే ఈ నెల ఎంచుకున్నారట. గాలికి కదిలే ఇనుప బొమ్మలు ఏడు, హైదరాబాద్ నుంచి లారీలో వచ్చాయి. ఆదివారం బెంగళూరు నుంచి ఎవరో పెద్దాయన వచ్చి రిబ్బను కోస్తాడు. ఆ తర్వాత జనం టికెట్టు కొనుక్కుని చూస్తారు. చెట్లు చూడటానికి రాని జనం ఇనుము చూడటానికి వస్తారని ఆఫీసు వాళ్ల నమ్మకం. ఏమో, వస్తారు కూడా.

మొదటి బొమ్మ కొంగ. అది రెక్క లేపితే తోటపని వాళ్లంతా చప్పట్లు కొట్టారు, రాచమ్మ కూడా నవ్వింది. తర్వాత చేపల గుంపు, ఒక పెద్ద పువ్వు, ఇంకేదో గుండ్రటిది. ఐదోది మనిషి. ముక్కాలి పీట మీద నిలబడి, రెండు చేతుల్లో చేట పట్టుకుని, తూర్పారబట్టే రైతు. మొహం ఉండాల్సిన చోట నున్నటి రేకు. ఛాతీ నిండా సన్నటి పలకలు. ఆ పలకలకు గాలి తగిలితే లోపల చక్రం తిరిగి చేతులు లేస్తాయి.

సంగమేశ్ చివరి తాడు కోశాడు. బీదర్‌లో వెల్డింగ్ షాపు అతనిది, ఈ బొమ్మలు బిగించే పని అతనికే ఇచ్చారు. కవరు జారిపోయింది. గాలి వచ్చి ఛాతీకి తగిలింది, చేట లేచింది. లేచిన చేట వెంటనే వంగలేదు. మూడుసార్లు చిన్నగా వణికింది. అప్పుడు ఎడమ భుజం చెవి దాకా ఎగిరింది, చేట వంగింది. లోపల ఇనుము ఇనుముకు తగిలి టక్కుమంది.

రాచమ్మ చేతిలో మొక్క చేతిలోనే ఉండిపోయింది. ఆ భుజం ఆమెకు తెలుసు. పదిహేనేళ్లు ఆ భుజం పక్కన చీపురు పట్టుకుని నిలబడింది. తమ ఊళ్లో మగవాళ్లందరూ తూర్పారబట్టేవాళ్లే. కానీ మూడుసార్లు ఆడించి, ఎడమ భుజం ఎగరేసి వంచేది ఒక్క తన మొగుడు బాబురావే. భుజంలో స్ప్రింగు పెట్టించుకున్నావా అని కల్లంలో అందరూ ఎగతాళి చేసేవాళ్లు. బాబురావు పోయి మూడేళ్లు కావస్తోంది.

"అన్నా, గీ బొమ్మ ఎవలు చేసిండ్రు?" అని అడిగింది.

"వేణుమాధవ్ అని, హైదరాబాద్ ఆర్టిస్టు. బగ్గ పేరున్నోడట."

"మనిషిని చూసి చేసిండా?"

"ఊర్లల్ల తిరిగి వీడియోలు తీసుకుంటడట అక్కా. ఆ వీడియో చూసుకుంట ఒక్కొక్క కదలిక ఇనుముల దింపుతడట. చిట్గుప్ప దిక్కు తిరిగిండని లారీతోని వచ్చిన పిలగాండ్లు చెప్పిండ్రు."

చిట్గుప్ప దిక్కే. తమ ఊరు చిట్గుప్పకు నాలుగు కిలోమీటర్లు. రాచమ్మ లేచి నిలబడి బొమ్మను కింది నుంచి పైదాకా చూసింది. అప్పుడు గాలి తన వీపుకు తగులుతోందని గుర్తించింది. తను బొమ్మ ముందు నిలబడి ఉంది. అంటే గాలి నేరుగా బొమ్మ మొహానికి కొడుతోంది.

"అన్నా, ఇది తప్పు నిలవడ్డది."

"ఏం తప్పు? డ్రాయింగుల ఎట్లుంటే అట్లనే బిగించిన."

"గాలికి ఎదురు నిలవడి ఎవడన్న తూర్పారబడ్తడా? పొట్టంత మొకం మీదికొస్తది. గాలిని పక్కకు పెట్టుకోవాలె. గింజ కింద పడాలె, పొట్టు ఆ దిక్కు పోవాలె."

సంగమేశ్ పానాతో తల గోక్కుని నవ్వాడు. "ఇనుముకు మొకమేంది, పొట్టేంది అక్కా. గాలి ఎదురు కొడ్తెనే కదా ఛాతీల చక్రం తిరిగేది."

అతని మాటలో తప్పేమీ లేదు. రాచమ్మ కూర్చుని మళ్లీ మొక్కలు నాటింది. ఒక మొక్కను సంచి తీయకుండానే గుంతలో పెట్టి మట్టి కప్పింది, తర్వాత చూసుకుని తవ్వి తీసింది. తలమీద చేట లేస్తోంది, వణుకుతోంది, వంగుతోంది. కల్లంలో అయితే గాలి పడిపోయినప్పుడు మనిషి చేట దించుకుని ఒక బీడీ కాలుస్తాడు. ఆషాఢం గాలి పడిపోదు. మధ్యాహ్నం నర్సరీ షెడ్డులో సద్ది డబ్బా తీస్తే అక్కడిదాకా టక్ వినిపించింది. ఒక టక్కుకూ ఇంకో టక్కుకూ మధ్య ఎన్ని ముద్దలు తినొచ్చో ఆమెకు తెలియకుండానే లెక్క కుదిరింది. తినాలనిపించలేదు. డబ్బా మూసేసింది.

సాయంత్రం పని దిగిపోయే ముందు సూపర్‌వైజర్ దయానంద్ అటుగా వచ్చాడు. ఐదో బొమ్మ దగ్గర రాచమ్మ వంగి చీపురుతో నేల ఊడుస్తోంది. బొమ్మకు కాస్త ముందు, ఒక అర్ధచంద్రాకారంలో, మెల్లగా, చీపురు కొసతో మాత్రమే ఊడుస్తోంది.

"ఏం ఊడుస్తున్నవు రాచమ్మా? ఆడ ఆకులు గూడ లేవు గద."

రాచమ్మ చీపురు వైపు చూసుకుంది. చేటలోంచి గింజలు పడితే ఎక్కడ రాశి అవుతుందో సరిగ్గా అక్కడ, రాశి అంచున చేరే పొట్టును తీసేసినట్టు ఊడుస్తోంది. భయం వేసింది. చీపురు చంకలో పెట్టుకుని గేటు వైపు నడిచింది.

ఇంట్లో ఇద్దరే. అత్త భీమవ్వకు డెబ్బై దాటాయి, రెండు కళ్లూ మసక. కొడుకు పోయిన తర్వాత ఊళ్లో రెండెకరాలు కౌలుకిచ్చి కోడలి వెంట బీదర్ వచ్చేసింది. ఒక్క గది, దాని ముందు రేకుల వసారా.

శుక్రవారం తెల్లవారి భీమవ్వ వసారాలో కూర్చుని చాయ్ ఊదుకుంటూ అడిగింది. "ఏందే, నిద్రల నీళ్లు నీళ్లు అని ఒర్లినవు. దూప అయిందా?"

"ఏమో అత్తమ్మా. యాదికి లేదు."

యాదికి ఉంది. కలలో బాబురావు వచ్చాడు. ముక్కాలి మీద నుంచి దిగకుండానే చేతులు చాపాడు, కళ్లు మూసుకుని ఉన్నాడు, రెప్పల సందున శనగ పొట్టు ఇరుక్కుని ఉంది. నీళ్లు పోయవే, మండుతుంది అన్నాడు. రాచమ్మ చెంబు ముంచింది. ముంచిన ప్రతిసారీ చెంబులో పొట్టే వచ్చింది.

"పక్కింటామె చెప్పింది," అంది భీమవ్వ. "రేపు పనోళ్ల ఇంటోళ్లను పైసల్లేకుండ లోపలికి ఇడుస్తరట గద. ఇనుప కొంగ రెక్కలు కొడ్తదట. నేనూ వస్త."

"నీకు కనవడదు గద అత్తమ్మా."

"సప్పుడన్న ఇంట. మూడేండ్లసంది ఈ వసారాలనే కూసున్న. ఏడికి తోలుకపోతివి నన్ను?"

రాచమ్మ చాయ్ గ్లాసు కింద పెట్టింది. భీమవ్వకు మొహాలు ఆనవు కానీ కదిలే ఆకారాలు తెలుస్తాయి. కొడుకు భుజం ఎగరడం ఆమెకు తెలియకుండా పోదు. గాలికి ఎదురు నిలబడి ఉన్నాడన్నదీ తెలుస్తుంది. అందరికంటే ముందు ఆమెకే తెలుస్తుంది, నలభై ఏళ్లు కల్లాల్లోనే బతికిన మనిషి. తెలిస్తే అడుగుతుంది. వాడు అట్ల ఎందుకు నిలవడ్డడే అని అడుగుతుంది. ఆ ప్రశ్నకు జవాబు రాచమ్మ దగ్గరే ఉంది. మూడేళ్లుగా ఆ జవాబు మీదే పడుకుంటోంది, లేస్తోంది. ఎవరికీ చెప్పలేదు.

శనివారం సాయంత్రం లోపల అతన్ని పక్కకు తిప్పించాలి. ఇంకో దారి లేదు.

దయానంద్ జహీరాబాద్ నుంచి వచ్చి ఇక్కడ ఉద్యోగం చేస్తున్నవాడు. మంచివాడే, తన మీదికి ఏమీ రానంతవరకు. రాచమ్మ అతని టేబుల్ ముందు చాలాసేపు నిలబడింది. అతను ఆహ్వాన పత్రాల మీద పేర్లు రాస్తున్నాడు.

"సార్, ఐదో బొమ్మను జర పక్కకు తిప్పుండ్రి."

"ఎందుకు?"

"అది మా ఆయన."

దయానంద్ కలం కింద పెట్టాడు. కిటికీలోంచి బొమ్మ కనిపిస్తోంది. అతను దాన్ని చూశాడు, రాచమ్మను చూశాడు. "మొకమే లేదు గద రాచమ్మా దానికి."

"భుజం ఉన్నది సార్."

ఆమె చెప్పింది, ఊరికి వీడియో వాళ్లు వచ్చిన సంగతి, మూడుసార్లు చేట ఆడించే సంగతి. అతను ఓపికగా విన్నాడు. విని, "మంచిదే గద. మీ ఆయనకు పేరొచ్చినట్టే గద," అన్నాడు.

"పేరేడుంది సార్? ఆ పలక మీద ఏం రాసిండ్రో జర చదువుండ్రి. నాకు రాదు."

పలక మీద కన్నడలోనూ ఇంగ్లీషులోనూ ఉంది. దయానంద్‌కు చూడకుండానే వచ్చు. "శ్రమకు వందనం. శిల్పి వేణుమాధవ్," అని చదివి, కొంచెం ఇబ్బందిగా, "శ్రమ అంటే రైతులందరిదీ అన్నట్టు," అని కలిపాడు.

"పేరొద్దు సార్. నేను పేరు కోసం రాలే. కండ్లల్ల పొట్టు పడ్తుంది, పక్కకు తిప్పుండ్రి, గంతే."

"చూడు రాచమ్మా. పక్కకు తిప్పితే గాలి తగలదు, బొమ్మ ఆగిపోతది. ఆగిపోయిన బొమ్మను పెద్దాయనకు చూపిస్త నేను? పైంగ దానెదురుంగ ఫొటోలు దిగనీకె జాగ చేయించినం, బండలు పరిచినం. నీ బాధ నాకు సమజైతది. కని అది ఇనుము. పోయి నీళ్లు పట్టు."

సమజైతది అన్నప్పుడు అతని కళ్లు ఆహ్వాన పత్రాల మీదే ఉన్నాయి. రాచమ్మకు ఒళ్లు మండింది. అతని మీద కంటే తన మీద ఎక్కువ మండింది. సార్ల ముందు నిలబడితే తన నోరు ఎప్పుడూ సగమే తెరుచుకుంటుంది, లేదా తెరవకూడని చోట తెరుచుకుంటుంది.

నీళ్లు పట్టింది. ఆ రోజు గాలి ఇంకా పెరిగింది. చేట లేవడానికీ వంగడానికీ మధ్య తెరిపి లేకుండా పోయింది. ఒకసారి పైపు ఎత్తి బొమ్మ మొహం మీద నీళ్లు కొట్టింది. నున్నటి రేకు మీద నీళ్లు చారలుగా జారి గడ్డం దగ్గర కారాయి. అటుగా వెళ్తున్న తోటపని ఆడవాళ్లు బొమ్మను కడుగుతోందనుకున్నారు. ఆమె ఇంకోసారి కొట్టింది.

శనివారం ఆఫీసు తెరవక ముందే వచ్చింది. సంగమేశ్ అప్పటికే ఐదో బొమ్మ మోచేతులకు గ్రీజు పూస్తున్నాడు.

"అన్నా, ఒక్కటి అడుగుత. వెల్డింగ్ చేసేటప్పుడు అద్దం పెట్టుకోకుంటే ఏమైతది?"

"ఏమైతది, రాత్రికి కండ్లల్ల కారం పోసినట్టయితది. రెప్ప మూస్తే మంట, తెరిస్తే మంట. గోడలకు తల కొట్టుకోవాలనిపిస్తది. ఎందుకక్కా?"

"మా ఆయనకు అట్లనే అయింది. పది రోజులు." ఆమె దిమ్మె అంచున కూర్చుంది. సంగమేశ్ మొహం కాకుండా అతని చేతుల్లోని గ్రీజు డబ్బా చూస్తూ చెప్పింది. "శనగలు తూర్పారబడ్తుంటే ఈ వీడియోలోల్లు వచ్చిండ్రు. గాలికి ఎదురు నిలవెట్టి తీసుకున్నరు, రెండు గంటలు. శనగ పొట్టు ఉత్త పొట్టు కాదన్నా, పులుపుంటది. కుడి కంట్ల గీసుకున్నది. ఆకు పసరు పోసినం, చనుబాలు పోసినం. చిట్గుప్ప దవాఖానకు పోయేసరికి కంట్ల పువ్వు పడ్డది. ఆ కన్ను పోయింది. నాలుగు నెలలకు మన్నాఏఖేళ్ళిల రోడ్డు దాటుతుండు. లారీ కుడిదిక్కుకెల్లి వచ్చింది."

సంగమేశ్ గ్రీజు డబ్బాకు మూత పెట్టాడు. గాలికి ఎదురు నిలవెట్టింది ఎవరో రాచమ్మ సరిగ్గా చెప్పలేదని అతనికి తెలియదు. రాచమ్మకు తెలుసు.

అతను పెద్ద పానా తెచ్చాడు. దిమ్మె మీది నాలుగు బోల్టులూ విప్పాడు. గడ్డపార మొన పీట కిందికి దూర్చి, "ఆ తాడు పట్టుకో అక్కా, ఒరిగితే చెప్పు," అన్నాడు. ఇనుప మనిషి కీచుమని జానెడు జరిగాడు, మళ్లీ జానెడు. మొహం పడమర నుంచి దక్షిణానికి వచ్చింది. ఇప్పుడు గాలి కుడి పక్కన. రాచమ్మ తాడు వదిలి రెండు అడుగులు వెనక్కి వేసి చూసింది. సరిగ్గా ఉంది. కల్లంలో మనిషి నిలబడే తీరు ఇదే. గింజ ఇక్కడ పడుతుంది, పొట్టు అటు ఎగురుతుంది.

చేట లేవలేదు.

గాలి చెట్లను వంచుతోంది, అవతల కొంగ రెక్కలు కొట్టుకుంటోంది. ఇతను చేటను కడుపు దగ్గర పట్టుకుని ఊరికే నిలబడ్డాడు. ఆమెకు మొదట హాయిగా అనిపించింది. కళ్లలో నీళ్లు కూడా వచ్చాయి, హాయికే వచ్చాయి. సంగమేశ్ బోల్టులు బిగించి వెళ్లిపోయాడు. ఆమె పనిలో పడింది. కానీ టక్కుమనే చప్పుడు లేని తోట ఆమెను నిలవనివ్వలేదు. పది నిమిషాలకోసారి ఏదో ఒక వంకతో వచ్చి చూసింది. బతికుండగా బాబురావు గాలి ఉన్నప్పుడు చేట దించినవాడు కాదు. జ్వరమొచ్చినా గాలి వదులుకునేవాడు కాదు. ఇంత గాలిలో కదలకుండా ఉన్న బాబురావును ఆమె ఒక్కసారే చూసింది, మన్నాఏఖేళ్ళి రోడ్డు పక్కన.

కదిలితే కళ్లలో పొట్టు. ఆగితే శవం. మధ్యాహ్నానికి ఆమెకు ఏం కావాలో ఆమెకే తెలియకుండా పోయింది.

మూడున్నరకు వేణుమాధవ్ వచ్చాడు. తెల్ల జుబ్బా, మెడలో కళ్లజోడు, నడి వయసు. రాచమ్మ అతన్ని వెంటనే గుర్తుపట్టింది. అతను ఆమె పక్క నుంచే వెళ్లాడు, గుర్తుపట్టలేదు. ఐదో బొమ్మ దగ్గరికి వచ్చి ఆగిపోయాడు.

"దీన్నెవరు తిప్పారు?"

దయానంద్ మొహం పాలిపోయింది. సంగమేశ్‌ను పిలిపించాడు. సంగమేశ్ వచ్చి చేతులు గుడ్డకు తుడుచుకుంటూ నిలబడ్డాడు. రాచమ్మ చేతిలోని పైపు కింద పెట్టి వచ్చింది. "నేను తిప్పిచ్చిన సార్. ఆ అన్న తప్పు లేదు."

"ఎందుకమ్మా?" వేణుమాధవ్ గొంతులో కోపం లేదు, ఆశ్చర్యమే ఉంది.

"తూర్పారబట్టేటోడు గాలికి ఎదురు నిలవడడు."

"నిలబడ్డాడమ్మా. నేను ఊహించి చేసింది కాదు ఇది. చూసి చేసింది." అతను ఫోను తీశాడు. వెతికాడు. "ఇదిగో."

అప్పటికే పనివాళ్ల ఇళ్ల నుంచి జనం రావడం మొదలైంది. పిల్లలు కొంగ చుట్టూ పరుగెడుతున్నారు. పక్కింటామె భీమవ్వను నడిపించుకొచ్చి, మీ కోడలు ఇక్కడే ఉందంటూ ఐదో బొమ్మ పక్కన రాతి బెంచీ మీద కూర్చోబెట్టి తను చేపలు చూడటానికి వెళ్లింది. రాచమ్మ అత్తను చూసింది. ఫోను ఆపమని అనబోయింది. అప్పటికే అందులో గాలి వినిపిస్తోంది.

తెరమీద బాబురావు ముక్కాలి మీద ఉన్నాడు, గాలిని పక్కకు పెట్టుకుని. పొద్దు పడమటికి వాలింది. వేణుమాధవ్ గొంతు వినిపించింది. "ఇటు తిరగండి, మొహం మీద వెలుతురు పడాలి." బాబురావు నవ్వాడు. "గాలి ఎదురైతది సార్." అప్పుడు ఒక ఆడగొంతు, గలగలలాడుతూ, సార్ల ముందు గొప్పలు పోతూ, "ఏమైతది తియ్యి, అంత దూరంకెల్లి వచ్చిండ్రు. తిరుగు."

రాచమ్మ ఆ గొంతును మూడేళ్లుగా రోజూ వింటోంది. బయటి నుంచి వినడం ఇదే మొదటిసారి.

బాబురావు వెంటనే తిరగలేదు. ఒక క్షణం ఎడమవైపు, కెమెరాకు అందని చోటికి చూశాడు. తర్వాత భుజం మీది తువ్వాలతో మొహం తుడుచుకుని పడమటికి తిరిగాడు. చేట లేచింది. పొట్టంతా మొహాన కొట్టింది. కళ్లు మూసుకుపోయాయి, నీళ్లు కారుతున్నాయి, అయినా నవ్వుతూనే ఉన్నాడు. మళ్లీ చేట ఎత్తాడు.

"చూసినవా," అన్నాడు దయానంద్, ఊపిరి పీల్చుకుని. "ఆయననే తిరిగి నిలవడ్డడు. ఇంకేంది లొల్లి?"

వేణుమాధవ్ ఫోనునూ రాచమ్మనూ మార్చి మార్చి చూశాడు. "ఆ మాట్లాడింది నువ్వేనా అమ్మా? మీ ఆయనేనా? ఎలా ఉన్నాడు?"

ఎలా ఉన్నాడో రాచమ్మ చెప్పింది. పొద్దున సంగమేశ్‌కు చెప్పిన మాటలే, ఈసారి తేడా ఏమంటే గాలికి ఎదురు నిలబెట్టింది ఎవరో కూడా చెప్పింది. "నువ్వు అడిగినవు సార్. నేను తిరుగుమన్న. నేననకుంటే తిరగకపోవు." గట్టిగానే చెప్పింది, బెంచీ దాకా వినిపించేలా. దాచి దాచి విసుగొచ్చింది. భీమవ్వ చేతికర్ర మీద గడ్డం ఆనించుకుని కూర్చుంది, కదల్లేదు.

వేణుమాధవ్ కళ్లజోడు తీసి చేతిలో పట్టుకున్నాడు. "నేను వెలుతురే చూశాను," అన్నాడు, ఎవరితోనూ కాకుండా.

దయానంద్ గడియారం చూసుకున్నాడు. "అయింది అయింది. పాపం, బాధనే. కని రేపు పొద్దున పదింటికి పెద్దాయన వస్తుండు. సంగమేశ్, తిప్పు మళ్ల."

సంగమేశ్ పానా తీసుకోలేదు. "అక్క చెప్తెనే తిప్పిన సార్. అక్క చెప్తెనే మళ్ల తిప్పుత."

"సరే. చెప్పు రాచమ్మా." దయానంద్ గొంతు మెత్తగా చేశాడు. "ఒక్క మాట. సార్ గూడ అంత దూరంకెల్లి వచ్చిండు. తిప్పుమని చెప్పు, ఏమైతది?"

అందరూ ఆమె నోటి వైపు చూశారు. అదే గాలి, అదే పొద్దు, ఎదురుగా సార్లు, పీట మీద ఆ మనిషి. ఆమె మాట కోసం ఎదురు చూస్తున్నారు. నోట్లో మాట ఊరింది కూడా. సార్ల ముందు ఊరే మాట ఊరినంత తేలిగ్గా ఇంకేదీ ఊరదు. రాచమ్మ దాన్ని మింగింది. ముందుకు నడిచి, ఇనుప మనిషి మోకాలి మీద చెయ్యి వేసి, తల ఎత్తింది.

"దిగు," అంది. "చాలు. దిగు ఇగ."

ఎవరికీ అర్థం కాలేదు. ఆమె సంగమేశ్ వైపు తిరిగింది. "దించన్నా. ఈ దిక్కూ వద్దు, ఆ దిక్కూ వద్దు. పీట మీదికెల్లే దించు."

"ఏం మాట్లాడుతున్నవు?" దయానంద్ గొంతు లేచింది. "ఏడు బొమ్మలని కాగితాలు అచ్చేసినం. పనిల ఉండాలనుందా లేదా నీకు?"

"తీసేస్తె తీసెయ్యి సార్. మా ఆయనను దించినంక తీసెయ్యి."

దయానంద్ వేణుమాధవ్ వైపు చూశాడు. వేణుమాధవ్ కళ్లజోడు పెట్టుకోలేదు. చాలాసేపు బొమ్మ భుజం వైపు చూశాడు. రెండేళ్ల పని అది. "దించండి," అన్నాడు. "ఆరు అని చెబుదాం. నా పేరున్న పలక కూడా తీసేయండి."

నలుగురు మనుషులు కావలసి వచ్చింది. తాళ్లు కట్టి, గొనెసంచులు పరిచి, ఇనుప మనిషిని మెల్లగా ఒరిగించి నేల మీదికి దించారు. పిల్లలు కొంగను వదిలేసి వచ్చి చుట్టూ నిలబడ్డారు. చేట ఒక పక్కకు ఒరిగింది. ఎవరూ చప్పట్లు కొట్టలేదు. సంగమేశ్ పాత ప్లాస్టిక్ కవరు తెచ్చి కప్పబోతే రాచమ్మ మొహం దాకా కప్పవద్దంది. తోపుడు బండి మీద నర్సరీ షెడ్డుకు తీసుకెళ్లారు. దిమ్మె మీద నాలుగు బోల్టులు మిగిలాయి. దయానంద్ వాటి మీద నాలుగు పూలకుండీలు పెట్టించి, సోమవారం ఆఫీసుకు రమ్మని రాచమ్మకు చెప్పి, మొహం తిప్పుకుని వెళ్లిపోయాడు.

గేటు బయట ఆటోల కోసం జనం గుమిగూడారు. రాచమ్మ అత్తను గోడ వారన నిలబెట్టింది. ఒక ఆటో వచ్చి నిండిపోయింది, ఇంకోటి వచ్చి నిండిపోయింది.

"అత్తమ్మా, ఇన్నవు గద," అంది రాచమ్మ చివరికి. "ఫోన్ల గొంతు నాది. నీ కొడుకును నేనే తిప్పిన. మూడేండ్లసంది నీకు చెప్పలే."

"ఎరుకే."

"ఇయ్యాల ఇని ఎరుకనా?"

"ఆనాడే ఎరుక. నేనాడనే ఉన్న గద, రాశి పక్కన కూసోని పుల్లలు ఏరుతున్న." భీమవ్వ చేతికర్ర రెండో చేతికి మార్చుకుంది. "నీ మాట పడంగనే తిరిగిండా వాడు? జర ఆగిండు గద. ఎటో చూసిండు గద."

రాచమ్మకు తెరమీది ఆ క్షణం కళ్లలో మెదిలింది. ఎడమవైపు, కెమెరాకు అందని చోటు. రాశి ఉన్న చోటు.

"నన్ను చూసిండు," అంది భీమవ్వ. "ఏమంటవే అవ్వా, తిరగాల్నా అన్నట్టు చూసిండు. ఎదురు గాలిల శనగ పొట్టు ఏం చేస్తదో నాకు తెల్వదా. మా అయ్యకు గట్లనే పోయింది కన్ను. వద్దురా దిగు అంటే దిగుతుండె. నేను తలకాయ ఊపిన, తిరుగుమని. సార్లు పెద్ద పెద్ద డబ్బాలు తెచ్చిండ్రు, టీవీల వస్తడు కావచ్చు నా కొడుకు అనుకున్న."

రాచమ్మకు ముందు వచ్చింది కోపమే. మూడేళ్లు ఒకే గదిలో, ఒకే పొయ్యి మీద వండుకుని తిన్నారు. తను నిద్రలో నీళ్లు నీళ్లు అని అరుస్తుంటే పక్క చాప మీద ఈమె మేలుకునే ఉండి ఉంటుంది. ఒక్క మాట అని ఉంటే సగం బరువు దిగేది. ఆ మాట తనూ అనలేదు. కోపం వచ్చినట్టే వచ్చి ఎక్కడ నిలబడాలో తెలియక ఆగిపోయింది.

"మరి ఒక్కనాడన్న చెప్పకపోతివి."

"చెప్తే నువ్వు ఊకుంటవా? కొడుకు పాయె. నువ్వు గూడ పోతే నాకు బువ్వ ఎవలు పెడ్తరు?" ముసలామె రోడ్డు వైపు మసక కళ్లు తిప్పింది. "గిప్పుడు పోతే పో. కని చీకటి పడ్తుంది, ఇంటిదాక అయితే తోలుకపో."

ఆటో వచ్చి ఆగింది. రాచమ్మ అత్త చేతికర్ర తీసుకుని, ఆమెను ముందు ఎక్కించి, పక్కన కూర్చుంది.